సి షిఫ్టు ఎలుక

శనివారం పొద్దున, రాత్రంతా నడిచే సి షిఫ్టు దిగి ఇస్నాపూర్‌లోని తన కిరాయి ఇంటికి నడిచి వస్తున్న ఎడ్విన్ మనసులో ఆ రోజుకు చక్కని పథకం ఒకటి ఉంది. ఇంటికి పోగానే మెత్తగా ఏదైనా తినాలి. మధ్యాహ్నం దాకా పడుకోవాలి. సాయంత్రం పటాన్‌చెరు వెళ్ళి, ఎడమవైపు కింది దవడలో అన్నిటికన్నా వెనకున్న పన్ను పీకించుకోవాలి. ఆదివారం చర్చికి పోయివచ్చి విశ్రాంతి తీసుకోవాలి. సోమవారం నొప్పి లేని నోటితో ఇంటర్వ్యూలో కూర్చోవాలి.

ఆ ఇంటర్వ్యూ మామూలుది కాదు. ఎడ్విన్ పాశమైలారంలో పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ పని చేస్తాడు. కానీ కాంట్రాక్టరు మనిషిగా చేస్తాడు. వాళ్ళ ఇంటిపేరు గలవాళ్ళలో డిగ్రీ పట్టా పుచ్చుకున్న మొదటివాడు తనే. ఆ పట్టా ఇన్నేళ్ళుగా గోడకు వేలాడుతోంది, అతను కాంట్రాక్టులో వేలాడుతున్నాడు. ఇప్పుడు పర్మినెంటు పోస్టు ఒక్కటి ఖాళీ పడింది. దానికి అతన్నీ పిలిచారు. పిలుపు వచ్చిన సంతోషం ఒక పూట కూడా నిలవలేదు, ఈ నొప్పి మొదలైంది. నిద్ర లేచేసరికి చెంప కొయ్యలా బిగుసుకుపోయి ఉండేది. నొప్పి పన్ను దగ్గర బయల్దేరి చెవి ముందుకు, అక్కడి నుంచి కణతకు పాకేది. నోరు సగం కూడా తెరుచుకునేది కాదు. మీ గురించి చెప్పండి అని అడిగితే పేరు చెప్పడానికే నోరు రానివాణ్ణి ఎవరు పర్మినెంటు చేస్తారు?

ఏ పన్ను పీకించాలన్నది మాత్రం అతను స్వయంగా తేల్చుకున్నాడు. ఫ్యాక్టరీలో పోత పోసిన పంపు బాడీలు వస్తే చిన్న సుత్తితో కొట్టి చూడటం అతని పని. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే లోపల ఎక్కడో పగులు ఉన్నట్టు. అదే పద్ధతిలో అద్దం ముందు నిలబడి, స్టీలు చెంచా కాడతో పళ్ళన్నిటినీ వరసగా కొట్టి చూశాడు. మొదట ఒక్కటే నొప్పి పెట్టింది. కొట్టినకొద్దీ అన్నీ నొప్పి పెట్టాయి. చివరి పన్ను అన్నిటికన్నా మొద్దుగా మోగినట్టు అనిపించింది. దాన్ని రిజెక్టు చేశాడు.

భార్య ఏంజెలిన్ తలుపు తీసి, రాగి జావ గిన్నె అతని ముందు పెట్టింది. ఆమె ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని వాడకట్టు ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంది. గది నిండా ఊళ్ళోవాళ్ళ బట్టలే.

"నీ పన్ను ముచ్చట సాయంత్రం. ముందుగాల నా ఎలుక ముచ్చట జెర విను" అంది.

"మళ్ళ వచ్చిందా?"

"నిన్న పగటీలి నువ్వు గిట్ల పండుకున్నవో లేదో, అది గట్ల షురూ చేసింది. కరకర, కరకర. కొరికి కొరికి పెడుతున్నది. ఒక్క జాకెట్టు ముక్క కొరికినా నేను ఎవలకు జవాబు చెప్పాలె?"

"నాకెందుకు వినపడది మరి?"

"నువ్వు పండుకుంటే మీద లారీ పోయినా లెవ్వవు."

ఈ ఎలుక వాళ్ళ ఇంట్లో చేరి కొన్ని వారాలైంది. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఏంజెలిన్ విన్నది, అంతే. మొదట్లో రాత్రిపూట కొరికేది. తర్వాతి వారం తెల్లవారుజామున కొరికింది. ఇప్పుడు పట్టపగలు కొరుకుతోంది. ఏంజెలిన్ తెలివైన మనిషి. మిషను తొక్కుతూ ఆలోచించి ఒక సంగతి కనిపెట్టింది.

"అది నీ షిఫ్టు ప్రకారం డ్యూటీ చేస్తున్నదయ్యా. నువ్వు పొద్దుగాల 'ఏ' షిఫ్టు పోతే అది రాత్రి కొరుకుతది. నువ్వు బి షిఫ్టు నుంచి వచ్చి పండుకుంటే కోడి కూసేయాల్లకు కొరుకుతది. నీకు సి షిఫ్టు పడితే దానికి గూడ సి షిఫ్టే."

ఎడ్విన్ జావ చెంచా ఆపి ఆలోచించాడు. "నేను మెలకువగ ఉన్నంతసేపు భయపడి దాసుకుంటదేమో" అన్నాడు. తనకు భయపడే ప్రాణి ఈ భూమ్మీద ఒకటుందన్న ఊహ అతనికి కాస్త బాగానే అనిపించింది.

ఇంటి ఓనరు నర్సింహకు మాత్రం బాగా అనిపించలేదు. ఆయన కింది పోర్షనులో ఉంటాడు. ఇస్నాపూర్ పొలాలుగా ఉన్నప్పటి నుంచి ఉన్న రైతు. దగ్గరుండి సిమెంటు కలిపించి కట్టించిన ఇంట్లో ఎలుక ఉందంటే ఆయన తన ముఖాన ఎవరో మాట విసిరినట్టు బాధపడ్డాడు. మొదట బోను తెచ్చి ఎండుచేప కట్టాడు. ఎండుచేపకు చీమలు పట్టాయి. తర్వాత జిగురు అట్ట తెచ్చి పరిచాడు. దాన్ని తనిఖీ చేయడానికి వచ్చి తనే తొక్కాడు. చెప్పు అక్కడే వదిలి, ఒంటి చెప్పుతో మెట్లు దిగిపోయాడు. మూడోసారి గడ్డపార తీసుకుని వచ్చి, మంచానికి పైనున్న సజ్జ పక్కన గోడ పెచ్చులు ఊడగొట్టి చూశాడు. లోపల ఎలుక లేదు, ఇటుకలున్నాయి. ఆ ఇటుకలు మంచివేనని మాత్రం అందరికీ చూపించాడు.

జావ తాగడం అయ్యేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఏంజెలిన్ తల్లి సుకుమారి, హత్నూర నుంచి మొదటి బస్సుకు వచ్చింది. చంకలో మూత కట్టిన వెదురు గంప. గంపలోంచి ఒక పిల్లి కోపంగా మాట్లాడుతోంది.

"అత్తమ్మా, గిదేంది?" అన్నాడు ఎడ్విన్ సగం నోటితో.

"మా వడ్ల గదిల పిల్లి, అల్లుడూ. ఇది కాలు పెట్టినంక మా ఇంట్ల ఎలుకన్నదే లేదు. నువ్వు హాయిగ పండుకో. నువ్వు పండుకుంటెనే గద అది వచ్చేది." సుకుమారి గంప దించి, కళ్ళు మూసుకుని, తలమీద కొంగు కప్పుకుంది. "ప్రభువా, ఈ మూగజీవికి బలం ఇయ్యి. దీని గురి తప్పనియ్యకు" అని చాలాసేపు ప్రార్థన చేసింది.

ఆ ప్రార్థనను దేవుడు అక్షరాలా ఆలకించాడని తర్వాత తెలిసింది.

అప్పటికే పిల్లి వచ్చిందన్న వార్త విని నర్సింహ కర్ర పట్టుకుని పైకి వచ్చాడు. ఎడ్విన్‌కు మంచం మీద ఎరగా పడుకోవడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. కానీ రాత్రంతా నిలబడి పని చేసిన ఒళ్ళు, పైగా పెద్దవాళ్ళ మాట కాదనే అలవాటు అతనికి లేదు. దుప్పటి కప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ వంటగది కర్టెను వెనక నిలబడ్డారు. పిల్లిని వదిలారు.

ఆ తర్వాత జరిగింది ఎడ్విన్ చూసింది కాదు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పగా విన్నది. అతనికి నిద్ర పట్టిన కాసేపటికి చప్పుడు మొదలైంది. కరకర, కరకర. ఆ చిన్న గదిలో అది నాలుగు గోడలకూ తగిలి సజ్జ మీది నుంచే వస్తున్నట్టు వినిపించింది. ఏంజెలిన్ తన తల్లి చెయ్యి పట్టుకుంది. నర్సింహ కర్ర ఎత్తాడు. పిల్లి చెవులు నిక్కించింది. కానీ సజ్జ వైపు తలెత్తి కూడా చూడలేదు. తిన్నగా మంచం ఎక్కింది.

"ఈ పిల్లికి దిక్కు తెల్వది" అని గుసగుసలాడాడు నర్సింహ. "ఎలుక పైన ఉంటె ఇది కింద సూస్తది. హత్నూర పిల్లి గద."

"హత్నూర పిల్లికి ఏమైందన్నా? ఓపిక పట్టు" అంది సుకుమారి.

పిల్లి ఎడ్విన్ తల పక్కన కూర్చుని అతని ఎడమ చెంపను శ్రద్ధగా పరిశీలించింది. దవడ మీద కండ ఉబికి, తగ్గి, మళ్ళీ ఉబికింది. పిల్లి నడుము వంచింది. తోక కొస కదిలింది. ఎగిరి దూకింది.

ఎడ్విన్ పెట్టిన కేక కింది వీధిలో ఆగి ఉన్న కంపెనీ బస్సులోవాళ్ళకు కూడా వినిపించింది. అంత నొప్పిలో నోరు అంత పెద్దగా ఎలా తెరుచుకుందో అతనికే అర్థం కాలేదు. దుప్పటి, పిల్లి, మనిషి ఒకే ముద్దగా దొర్లారు. దుప్పటి కింద ఏదో కదలడం చూసి నర్సింహ కర్రతో ఒక్కటి వేశాడు. అది ఎడ్విన్ మోకాలు.

గొడవ సద్దుమణిగాక ముగ్గురూ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు. ఎలుక ఎడ్విన్ ముఖం మీదికి ఎక్కింది, దాన్ని పట్టబోయి పిల్లి దూకింది, ఎలుక తప్పించుకుంది.

"మనిషి మొఖం మీదికి ఎక్కినదంటే అది మామూలు ఎలుక గాదు, పందికొక్కే" అన్నాడు నర్సింహ, ఊడిన గోడ పెచ్చులకు ఇప్పటికైనా న్యాయం జరిగినట్టు.

"నా ఇంటర్వ్యూ" అన్నాడు ఎడ్విన్. చెంప మీద నాలుగు గీతలు ఎర్రగా తేలాయి. అందరూ కలిసి సబ్బు పెట్టి కడిగారు. నర్సింహ తన కారు తీశాడు. తన ఇంట్లో తన కిరాయిదారుకు జరిగింది కాబట్టి బాధ్యత తనదే అన్నాడు. పటాన్‌చెరు దవాఖానలో సూదులు వేయించారు. అక్కడి నుంచి అదే కారులో, అదే నలుగురూ, పళ్ళ డాక్టరు హర్షిణి దగ్గరికి వెళ్ళారు. పిల్లిని సుకుమారి ఒడిలోనే ఉంచుకుంది, తప్పు దానిది కాదని.

డాక్టరు హర్షిణి చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం చూసి, వెనక వరసగా నిలబడ్డ ముగ్గుర్ని చూసి, గంపలోంచి తల బయటపెట్టిన పిల్లిని చూసి, ఏమీ అడగకుండా అద్దం తీసుకుంది.

"ఏ పన్ను?"

"లాస్టుది మేడం. పీకెయ్యుండ్రి. సోమవారం నాకు పనుంది."

ఆమె పన్ను మీద చిన్న పరికరంతో మెల్లగా తట్టింది. ఎడ్విన్‌కు ప్రాణం లేచొచ్చింది. "నేను గూడ గిట్లనే కొట్టి చూసిన మేడం!"

"దేనితోటి?"

"స్టీలు చెంచాతోటి."

"ఎన్ని పండ్లు?"

"అన్ని."

ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. ఎక్స్‌రే తీసింది. చల్లటి దూది పెట్టి చూసింది. తర్వాత పన్ను వదిలేసి, గీతలకు తగలకుండా రెండు వేళ్ళతో చెంప కండను నొక్కింది. ఎడ్విన్ కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. చెవి ముందు నొక్కి నోరు తెరిచి మూయమంది. టక్కుమని చప్పుడైంది. కణత నొక్కితే పన్నులో నొప్పి పలికింది.

"పన్ను మంచిగనే ఉంది. దానికి ఏం కాలేదు" అందామె. "నొప్పి పుడుతున్నది కండల, దవడ కీలు కాడ. అది పన్నుల ఉన్నట్టు అనిపిస్తది, అంతే. పన్ను పీకినా నొప్పి ఎక్కడికి పోదు."

"అంటే మోటర్ల బేరింగ్ ఖరాబైతే, పైపు అదిరినట్టా మేడం?"

"గట్లనే అనుకోండి. పైపు కోసి పారేస్తే మోటరు బాగుపడదు గద." ఆమె అద్దం అతని చేతికిచ్చింది. "సూడండి, పండ్ల పైభాగాలు అరిగి బల్లపరుపుగ అయినయి. నిద్రల పండ్లు కొరుకుతరా మీరు?"

"లేదు మేడం. నేను పండుకుంటే మళ్ళ లేసేదాక నాకేం తెల్వది."

"మీకు తెల్వదు. పక్కనున్నోళ్ళకు తెలుస్తది. సప్పుడు వస్తది, కరకరమని."

అందరూ ఏంజెలిన్ వైపు చూశారు. ఆమె తన భర్త మీద పడిన నింద తుడవడానికి ముందుకు వచ్చింది. "ఆయన అసొంటోడు గాదు మేడం. పండుకుంటే ఉలుకు పలుకు ఉండది. మా ఇంట్ల కరకర అనేది ఎలుక. ఆయన పండుకోంగనే అది మొదలు వెడతది. ఆయన లేస్తే అది ఆపుతది. ఆయనకు సి షిఫ్టు ఉంటే అది గూడ..."

అక్కడ ఆగిపోయింది.

పిల్లి ఒక్కసారి ఆవులించింది.

"నా గోడ" అన్నాడు నర్సింహ, మెల్లగా.

సుకుమారి పిల్లి తల నిమిరింది. "హత్నూర పిల్లికి దిక్కు తెల్వదన్నవు గదన్నా" అంది, అంతకన్నా మెల్లగా.

డాక్టరు నవ్వు ఆపుకుని చెప్పవలసినవి చెప్పింది. కొన్ని రోజులు మెత్తటివి తినాలి. ఎముకలు కొరకొద్దు, వక్కలు నమలొద్దు. వేడి బట్టతో కాపడం పెట్టుకోవాలి. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకోవాలి. మెలకువగా ఉన్నప్పుడు పెదవులు కలవాలి, పళ్ళు కలవకూడదు, నాలుక వదులుగా ఉండాలి. నిద్రలో పళ్ళ మధ్య పెట్టుకునే తొడుగు కొలత తీసుకుని చేయిస్తానంది. "నోరు ఎంత తెరుచుకుంటుందో మీరే చూసుకోవచ్చు. మామూలుగ మూడు వేళ్ళు నిలువుగ పట్టాలె. మీకు ఇప్పుడు రెండే పడుతున్నయి. బలవంతం చేయకుండ్రి, మెల్లగ వస్తది." చివరికి అడిగింది: "మనసుల ఏమన్న పరేషాన్ ఉందా?"

"ఏం లేదు మేడం" అన్నాడు ఎడ్విన్, పళ్ళు బిగించి.

"అదిగో" అంది డాక్టరు, చెంప మీద వేలు పెట్టి.

మెట్లు దిగుతూ ఏంజెలిన్ అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తల్లి, ఓనరు ముందు నడిచేదాకా ఆగి అడిగింది. "ఇంటర్వ్యూ కోసం ఇంత భయపడుతున్నవా? నాకు ఒక్క మాటన్న చెప్పవైతివి?"

"చెప్తే నువ్వు గూడ పరేషాన్ అయితవని."

"నేను లేని ఎలుక కోసం ఇన్ని దినాలు పరేషాన్ అయిన. ఉన్న మొగని కోసం అయితే తప్పా?" ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ నవ్వుతోంది. "రాకపోతే రాదు. నేను జాకెట్లు కుడుత, నువ్వు పంపులు కొట్టి చూడు. పండ్లు మాత్రం కొట్టకు."

ఎడ్విన్ తల ఊపి, ఆమె చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దిగాడు. దిగినంతసేపూ పళ్ళు కలవలేదు. అది అతను గమనించాడు.

ఆదివారం చర్చిలో వేరే తలనొప్పి ఎదురైంది. చెంప మీద వరసగా నాలుగు గోటి గీతలతో ఒక మొగుడు, పక్కనే తలదించుకున్న ఒక పెళ్ళాం. ఎవరూ ఏమీ అడగలేదు. పాస్టరుగారు మాత్రం సిద్ధం చేసుకున్న ప్రసంగం పక్కన పెట్టి, కాపురంలో శాంతి గురించి చెప్పారు. చెప్పినంతసేపూ ఏంజెలిన్ చేతి గోళ్ళ వైపు చూశారు. బయటికి వచ్చాక సుకుమారి నలుగురికీ పిల్లి సంగతి వివరించింది. అందరూ అర్థమైనట్టు తలలూపి, ఎడ్విన్ భుజం తట్టి వెళ్ళారు. ఒక్కరూ నమ్మలేదు.

సోమవారం ఇంటర్వ్యూ గదిలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ప్లాంట్ హెడ్ వెంకటేశ్వరరావు, అటు హెచ్ఆర్ మేనేజరు, ఇటు క్వాలిటీ మేనేజరు. బయట బెంచీ మీద ఇంకా చాలామంది ఉన్నారు. ఎడ్విన్ పెదవులు కలిపి, పళ్ళు విడదీసి, నాలుక వదులు చేసి కూర్చున్నాడు.

"చెప్పవయ్యా. ముందు ఆ గీతలేంటి?" అన్నాడు వెంకటేశ్వరరావు.

"పిల్లి, సార్."

"పిల్లా? కాస్త నోరు తెరిచి చెప్పు."

"తెరుసుకోదు సార్. కథనే అది."

అబద్ధం చెప్పడం ఎడ్విన్‌కు రాదు, క్లుప్తంగా చెప్పడం అంతకన్నా రాదు. చెంచా దగ్గర మొదలుపెట్టి, ఎలుక, గోడ, పిల్లి, కర్ర, డాక్టరమ్మ అన్నీ వరసగా చెప్పాడు. క్వాలిటీ మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. హెచ్ఆర్ మేనేజరు బల్ల మీద తల పెట్టేశాడు. వెంకటేశ్వరరావు మాత్రం నవ్వలేదు. ఆయన చెయ్యి మెల్లగా తన చెవి ముందుకు వెళ్ళింది.

"పొద్దున లేవగానే ఇక్కడ లాగుతుందా?"

"లాగుతది సార్."

"కణత?"

"కణత గూడ."

ఆయన కిటికీ వైపు చూశాడు. "నేను రెండు పళ్ళు పీకించుకున్నాను. అవి పోయాయి. నొప్పి పోలేదు."

"ఇంట్ల మేడం ఏమన్న సప్పుడైతుందని చెప్పలేదా సార్?"

"ఆవిడ చాన్నాళ్ళుగా పక్క గదిలో పడుకుంటోంది. ఏసీ చప్పుడంటుంది. ఏసీ మార్చాను కూడా."

హెచ్ఆర్ మేనేజరు నవ్వు ఆపి తల ఎత్తాడు. "మా ఇంట్లో ఫ్యాను మార్చాం సార్" అన్నాడు, చిన్న గొంతుతో.

ఎడ్విన్‌లోని చెకింగ్ మనిషి నిద్ర లేచాడు. ఎదురుగా ఉన్నది ఎవరన్నది మరిచిపోయాడు. "మూడు వేళ్ళు నిలువుగ పెట్టి చూడుండ్రి సార్. ముందు పండ్ల నడుమ. బలవంతం చేయొద్దు. పట్టినయా?"

వెంకటేశ్వరరావు పెట్టి చూశాడు. హెచ్ఆర్ మేనేజరు పెట్టి చూశాడు. ఏ నొప్పీ లేని క్వాలిటీ మేనేజరు కూడా ఎందుకైనా మంచిదని పెట్టి చూశాడు. సరిగ్గా అప్పుడే క్యాంటీన్ సోమమ్మ చాయ్ ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది. పెద్ద సార్లు ముగ్గురూ నోట్లో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ముఖం నిండా గీతలున్న మనిషి నిలబడి "ఇంకొంచెం వదులు చేయుండ్రి" అంటున్నాడు. ఆమె ట్రే బల్ల చివర పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ బయటికి పోయి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.

బెంచీ మీదివాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. "అక్కా, లోపల ఏం అడుగుతున్నరు?"

"ఏం అడుగుతలేరు" అంది సోమమ్మ. "ముందు మీ నోట్లె ఎన్ని వేళ్ళు పడుతయో చూసుకోండి."

మరుసటి వారం వచ్చిన ఆర్డరులో ఎడ్విన్ పేరు ఉంది. ఎంపికకు కారణం రాసే చోట హెచ్ఆర్ మేనేజరు "బాగా మాట్లాడతాడు" అని రాశాడు. ఆ పూట ఆ గదిలో మాట్లాడగలిగే స్థితిలో ఉన్నది అతనొక్కడే.